న్యాయ తత్వశాస్త్ర అధ్యయనం

చట్టాన్ని గురించి మూలం నుంచి ప్రశ్నించే విద్య న్యాయ తత్వశాస్త్రం. చట్టం అంటే ఏమిటి, దానికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని మనం ఎందుకు పాటించాలి, అన్యాయమైన చట్టాన్ని చట్టం అనవచ్చా, సెక్షన్లలో సమాధానం దొరకనప్పుడు న్యాయమూర్తి దేన్ని ఆధారం చేసుకుని తీర్పు చెప్పాలి అనేవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. న్యాయ కళాశాలల్లో ఈ సబ్జెక్టును జ్యూరిస్‌ప్రుడెన్స్ అంటారు. తత్వశాస్త్ర విభాగాల్లో ఇది నీతిశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రాల సరసన ఉంటుంది.

లా కోర్సులోని మిగతా సబ్జెక్టులు అమల్లో ఉన్న చట్టాన్ని నేర్పుతాయి. ఆ చట్టం మారితే చదువూ మారాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షన్ 103 అయింది. నేరం చేసిన మనిషిని రాజ్యం ఎందుకు శిక్షిస్తుంది, చేసినదానికి ఫలం అనుభవించాలనా, మరొకరు భయపడాలనా, అతడు మారాలనా అనే ప్రశ్న మాత్రం పాత స్మృతిలో ఎలా ఉందో కొత్త సంహితలోనూ అలాగే ఉంది. విశ్వవిద్యాలయంలో ఈ సబ్జెక్టుకు ప్రత్యేక స్థానం దక్కింది ఇందువల్లే.

పేరు, పరిధి

తెలుగులో న్యాయశాస్త్రం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సంస్కృత దర్శనాల్లో అది గౌతముడు సూత్రీకరించిన తర్కశాస్త్రం. నేటి వాడుకలో లా చదువు మొత్తానికీ అదే పేరు. చట్టాన్ని గురించిన తాత్విక విచారణను విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు న్యాయ తత్వశాస్త్రం అనడం స్పష్టంగా ఉంటుంది. విద్యార్థులు తికమకపడే చోటు మరొకటి ఉంది. సహజ న్యాయ సూత్రాలు అంటే ఇరుపక్షాల వాదనా వినాలి, తన తగవుకు తానే తీర్పరి కాకూడదు అనే విచారణ నియమాలు. సహజ న్యాయ సిద్ధాంతం అంటే మనుషులు చేసిన చట్టాలకు పైన హేతువుకు అందే ధర్మం ఉందని చెప్పే తాత్విక సంప్రదాయం. రెండూ చుట్టాలే అయినా ఒకటి కావు.

ఈ శాస్త్రాన్ని చదవడానికి తెలుగు విద్యార్థికి తన భాషలోనే కొంత పెట్టుబడి ఉంది. చట్టం, న్యాయం, ధర్మం అనే మూడు మాటలను మనవాళ్లు రోజువారీ మాటల్లోనే వేరుచేస్తారు. చట్టప్రకారం సరే గానీ ఇది న్యాయమేనా అని అడిగిన రైతు, ధర్మంగా మాట్లాడండి అని పెద్దమనుషులను నిలదీసిన ఆడబిడ్డ ఈ శాస్త్రపు గుమ్మంలో అప్పటికే అడుగుపెట్టినట్టు. ఇంగ్లిషులో లా అనే ఒక్క మాటలో ఇమిడిపోయిన భేదాలను విడదీయడానికి పాశ్చాత్య తాత్వికులు పెద్ద గ్రంథాలే రాయాల్సి వచ్చింది.

విశ్వవిద్యాలయ పాఠ్యాంశంగా పరిణామం

ఆంగ్ల న్యాయవిద్యలో ఈ సబ్జెక్టు చరిత్ర ఖాళీ అయిపోయిన ఒక తరగతి గదితో మొదలవుతుంది. జాన్ ఆస్టిన్ కొత్తగా ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయంలో జ్యూరిస్‌ప్రుడెన్స్ ఆచార్యుడిగా నియమితుడై 1828 నుంచి పాఠాలు చెప్పాడు. మొదట్లో జాన్ స్టువర్ట్ మిల్ లాంటి శ్రోతలు వచ్చారు. రానురాను విద్యార్థులు తగ్గిపోయారు, ఆయన పదవి వదులుకున్నాడు. సార్వభౌముడి ఆజ్ఞే చట్టం, దాని వెనుక శిక్ష భయం ఉంటుంది అనే ఆయన సిద్ధాంతం 1832లో పుస్తకంగా వచ్చినా పెద్దగా ఆదరణ పొందలేదు. 1859లో ఆయన చనిపోయాక భార్య సారా ఆస్టిన్ ఉపన్యాసాల రాతప్రతులను సరిచూసి అచ్చు వేయించింది. ఆ తర్వాత తరతరాల లా విద్యార్థులకు ఆస్టినే మొదటి పాఠం అయ్యాడు. భారతదేశంలో నేటికీ చాలాచోట్ల అంతే.

రెండో మలుపులో మన దేశానికీ పాత్ర ఉంది. 'ఏన్షియంట్ లా' గ్రంథాన్ని 1861లో ప్రచురించిన హెన్రీ మెయిన్, 1862 నుంచి 1869 వరకు గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా పనిచేశాడు. తిరిగి వెళ్లాక ఆక్స్‌ఫర్డ్‌లో జ్యూరిస్‌ప్రుడెన్స్ పీఠానికి తొలి ఆచార్యుడయ్యాడు. పుట్టుకతో వచ్చే హోదా నుంచి ఇష్టపూర్వకంగా చేసుకునే ఒప్పందం వైపు సమాజాలు నడుస్తాయన్నది ఆయన ప్రసిద్ధ ప్రతిపాదన. భారతీయ గ్రామ వ్యవస్థను గమనించిన అనుభవం ఆయన తర్వాతి రచనల్లో కనిపిస్తుంది.

అదే పీఠంలో 1952లో కూర్చున్న హెచ్.ఎల్.ఎ. హార్ట్ ఈ శాస్త్రం ముఖచిత్రాన్నే మార్చాడు. 1961లో వచ్చిన ఆయన 'ద కాన్సెప్ట్ ఆఫ్ లా' ఆస్టిన్ సిద్ధాంతంలోని లోపాలను ఒక్కొక్కటిగా చూపింది. దొంగ తుపాకీ చూపి డబ్బు అడగడం కూడా ఆజ్ఞే, దాని వెనుకా భయమే. మరి పన్ను కట్టమనే చట్టానికీ దానికీ తేడా ఏమిటి? చట్టం నియమాల వ్యవస్థ అని, ఏది చట్టమో గుర్తించే నియమం ఆ వ్యవస్థలో ఉంటుందని, అధికారులు దాన్ని తమ ప్రవర్తనకు ప్రమాణంగా అంగీకరిస్తారని హార్ట్ సమాధానం చెప్పాడు. 1969లో ఆయన పీఠాన్ని అందుకున్న రోనాల్డ్ డ్వార్కిన్, హార్ట్ సిద్ధాంతానికే అతి పెద్ద విమర్శకుడు. ముందున్న ఆచార్యుణ్ని ఖండించినవారికే ఆ కుర్చీ దక్కడం ఈ విద్య స్వభావాన్ని చెబుతుంది.

ప్రధాన సంప్రదాయాలు

సిలబస్‌లో సాధారణంగా ఐదారు సంప్రదాయాలు ఉంటాయి. సహజ న్యాయ సిద్ధాంతం సిసిరో, థామస్ అక్వినాస్‌ల నుంచి 1980లో జాన్ ఫినిస్ చేసిన ఆధునిక ప్రతిపాదన వరకు సాగుతుంది. పాజిటివిజం బెంథామ్, ఆస్టిన్, కెల్సన్, హార్ట్‌లది. చట్టం ఏమిటి అనేది వేరు, ఎలా ఉండాలి అనేది వేరు అన్నది దాని మూలసూత్రం. చట్టం జాతి జీవనంలోంచి భాషలాగా పుడుతుందని 1814లో వాదించిన సావిన్యీది చారిత్రక సంప్రదాయం. పోటీపడే ప్రయోజనాల మధ్య సమతూకం తేవడమే చట్టం పని అన్న రాస్కో పౌండ్ సామాజిక సంప్రదాయానికి ముఖ్యుడు. కోర్టులు నిజంగా ఏం చేస్తాయో చూడమన్న వాస్తవికవాదులకు 1897లో హోమ్స్ ఇచ్చిన ఉపన్యాసం పునాది.

వీటిలో కెల్సన్ కథ హెచ్చరిక లాంటిది. ప్రతి నియమం తన పై నియమం నుంచి బలం తెచ్చుకుంటుందని, అన్నిటికీ పైన ఒక మూల నియమాన్ని ఊహించాల్సిందేనని ఆయన సిద్ధాంతం. విప్లవం నెగ్గితే మూల నియమం మారుతుందన్న ఆయన మాటను 1958లో పాకిస్థాన్ సుప్రీంకోర్టు డోసో కేసులో సైనిక పాలనకు సమర్థనగా వాడుకుంది. 1972లో అస్మా జిలానీ కేసులో అదే కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. పుస్తకంలోని సిద్ధాంతం కోర్టులో అడుగుపెడితే కోట్లాది మంది బతుకులపై దాని నీడ పడుతుంది.

బోధన పద్ధతి

ఈ సబ్జెక్టులో కంఠస్థం చేయగలిగింది తక్కువ. కంఠస్థం చేయడానికి చట్టపాఠం, అంటే బేర్ యాక్టు, ఉండదు. మూల గ్రంథాల్లోని భాగాలు చదవడం, ఊహా సమస్యలపై వాదించడం, తీర్పులను విప్పి చూడడం, వ్యాసం రాయడం ఇక్కడి పద్ధతులు. ప్రపంచమంతటా తరగతుల్లో తిరిగే కొన్ని ఉదాహరణలతోనే అసలు చదువు మొదలవుతుంది.

మొదటిది గుహ కథ. హార్వర్డ్ ఆచార్యుడు లాన్ ఫుల్లర్ 1949లో దీన్ని కల్పించాడు. ఐదుగురు అన్వేషకులు గుహలో చిక్కుకుంటారు. తిండి అయిపోతుంది. ఒకరిని చంపి తింటే తప్ప మిగతావారు బతకరు. పాచికలు వేద్దామని ప్రతిపాదించిన మనిషే తర్వాత వద్దంటాడు. మిగతావారు అతడి తరఫున తామే వేస్తారు, అతడి వంతే వస్తుంది. బయటపడిన నలుగురిపై హత్యానేరం మోపుతారు. మరొకరి ప్రాణం కావాలని తీసినవారికి మరణశిక్ష అని చట్టం. ఐదుగురు న్యాయమూర్తులు ఐదు దారులు పడతారు. ఒకరు చట్టం అక్షరానికి కట్టుబడి, క్షమాభిక్ష పెట్టమని ప్రభుత్వాన్ని కోరతారు. ఒకరు చట్టం ఉద్దేశాన్ని చూసి విడిచిపెట్టమంటారు. ఒకరు ఎటూ తేల్చుకోలేక తప్పుకుంటారు. ఒకరు జాలికి తావులేదని, చట్టం చేయడం శాసనసభ పని అని శిక్ష ఖాయం చేస్తారు. ఒకరు ప్రజల ఇంగితాన్ని ఆధారం చేసుకుని వదిలేయమంటారు. రెండుకు రెండు సమానమై కింది కోర్టు శిక్ష నిలుస్తుంది. ఈ కథ చదివిన విద్యార్థి తాను ఏ న్యాయమూర్తి పక్కన నిలబడ్డాడో చూసుకున్నప్పుడు తన మనసులో అప్పటికే ఉన్న సిద్ధాంతం బయటపడుతుంది.

రెండోది పార్కు బోర్డు. పార్కులోకి వాహనాలు రాకూడదని నియమం ఉంటే సైకిల్ సంగతేమిటని హార్ట్ అడిగాడు. మాటకు నడిమి అర్థం స్పష్టంగా ఉన్నా అంచుల్లో మసక ఉంటుందని, అక్కడ న్యాయమూర్తి తన విచక్షణ వాడక తప్పదని ఆయన వాదన. యుద్ధంలో వాడిన లారీని స్మారకంగా పార్కులో నిలబెడితే అది వాహనమా అని ఫుల్లర్ ఎదురు ప్రశ్న వేశాడు. ఉద్దేశం తెలియకుండా మాటకు అర్థం చెప్పలేమన్నది ఆయన మాట. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామిని చూసిన పిల్లలకు ఈ ప్రశ్న ఇట్టే అందుతుంది.

మూడోది నిజంగా జరిగింది. 1944లో జర్మనీలో ఒక భార్య తన భర్త హిట్లర్‌ను నిందించాడని అధికారులకు చెప్పింది. నాటి చట్టాల ప్రకారం అతడికి మరణశిక్ష పడింది, అమలు చేయకుండా యుద్ధరంగానికి పంపారు. యుద్ధం ముగిశాక ఆమెపై విచారణ జరిగింది. ఆనాటి చట్టాన్నే పాటించానని ఆమె వాదించింది. ఇలాంటి కేసుల కోసమే గుస్తావ్ రాడ్‌బ్రుక్ 1946లో, భరించలేనంత అన్యాయమైన చట్టం చట్టబలాన్ని కోల్పోతుందని రాశాడు. హార్ట్ ఒప్పుకోలేదు. దుర్మార్గమైనా అది చట్టమే, ఆమెను శిక్షించాలంటే వెనక్కి వర్తించే కొత్త చట్టం చేస్తున్నామని బహిరంగంగా ఒప్పుకోవడమే నిజాయితీ అన్నాడు. రహస్యంగా, పరస్పర విరుద్ధంగా, ఇష్టం వచ్చినట్టు నడిచేది వ్యవస్థే కాదని, చట్టానికి తనదైన అంతర్గత నీతి ఉంటుందని ఫుల్లర్ జవాబిచ్చాడు. 1958లో హార్వర్డ్ లా రివ్యూలో అచ్చయిన ఈ వాదప్రతివాదాలు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఎక్కువగా చదివే పాఠాల్లో ఒకటి.

నాలుగో ఉదాహరణ 1889 నాటి న్యూయార్క్ తీర్పు రిగ్స్ వర్సెస్ పామర్. వీలునామా మారుస్తాడేమోనన్న భయంతో తాతను చంపిన మనవడు ఆ వీలునామా ప్రకారమే ఆస్తి అడిగాడు. చట్టంలో అతణ్ని ఆపే మాట లేదు. తన తప్పు నుంచి ఎవరూ లాభపడకూడదనే సూత్రంతో కోర్టు కాదంది. నియమాలతో పాటు సూత్రాలూ చట్టంలో భాగమేనని డ్వార్కిన్ దీని ఆధారంగా వాదించాడు. మన విద్యార్థి దీనికి పక్కనే చదవాల్సింది 1924 నాటి కెంచవ్వ కేసు. హంతకుడు హతుల ఆస్తికి వారసుడు కాలేడని, న్యాయం, సమత, సదంతఃకరణల ఆధారంగా ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్‌లో ఆ సూత్రమే నియమంగా మారింది.

భారతీయ మూలాలు

భారతీయ గ్రంథాల్లో ఈ విచారణ చాలా పాతది. వివాద పరిష్కారం నాలుగు పాదాల మీద నడుస్తుందని కౌటిల్యుడు చెప్పాడు. ధర్మం, వ్యవహారం, చరిత్ర (అంటే ఆచారం), రాజశాసనం ఆ నాలుగు. రెండు స్మృతులు విభేదిస్తే యుక్తే బలమైనదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. వేదవాక్యాలకు అర్థం తేల్చడానికి పుట్టిన మీమాంసా సూత్రాలను వ్యాఖ్యాతలు ధర్మశాస్త్రాలకూ వర్తింపజేశారు. చట్టాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నకు ఇది మన సొంత పద్ధతి. పాండురంగ వామన కాణే 1930 నుంచి 1962 వరకు వెలువరించిన ఐదు సంపుటాల ధర్మశాస్త్ర చరిత్ర ఈ అధ్యయనానికి ఆధార గ్రంథం.

తెలుగువారికి ఈ చరిత్రలో వాటా ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడి వ్యాఖ్య అయిన మితాక్షరను తిక్కన శిష్యుడు మూలఘటిక కేతన 13వ శతాబ్దంలో 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కుటుంబ ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుందన్నది మితాక్షర సంప్రదాయం. కూతురికి ఎందుకు రాదు అనే ప్రశ్నకు హిందూ వారసత్వ చట్టానికి 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ జవాబిచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. 2005లో పార్లమెంటు దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. సిద్ధాంతం, వ్యాఖ్యానం, సవరణ అనే మూడు దశలనూ ఒకే నేల మీద చూడగలిగిన అరుదైన ఉదాహరణ ఇది.

భారత విశ్వవిద్యాలయాల్లో

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల, ఐదేళ్ల లా కోర్సులు రెండింటిలోనూ జ్యూరిస్‌ప్రుడెన్స్ తప్పనిసరి సబ్జెక్టు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ, హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నల్సార్‌లోనూ, విశాఖలో 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థులు దీన్ని చదువుతారు. అధ్యాపక పదవికి అర్హతనిచ్చే యూజీసీ నెట్ లా సిలబస్‌లో మొదటి యూనిట్ ఇదే.

పాత సిలబస్‌లలో సాల్మండ్ 1902లో రాసిన పాఠ్యపుస్తకం రాజ్యమేలింది. హక్కు, విధి, స్వాధీనం, యాజమాన్యం, న్యాయ వ్యక్తిత్వం వంటి భావనలకు నిర్వచనాలు, వాటి తేడాలు ఆ పద్ధతిలో ముఖ్యం. ఈ భాగం బలమైనదే. గుడిలోని దేవుడికి ఆస్తి ఎలా ఉంటుంది, కంపెనీ ఎలా దావా వేస్తుంది అనేవి న్యాయ వ్యక్తిత్వం అనే భావన లేకుండా అర్థం కావు. అయితే పరీక్షకు ఐదు సంప్రదాయాలు, ఐదు పేర్లు, ఐదు విమర్శలు రాసి వచ్చేసే అలవాటు చాలాచోట్ల ఈ సబ్జెక్టు ప్రాణం తీస్తోంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిషు పరిభాష మరో గోడ. మూల గ్రంథాల్లోని ముఖ్య భాగాలు మంచి తెలుగులోకి రావడం నేటి అత్యవసరం.

తరగతి నుంచి కోర్టుకు

రాజమండ్రిలో పుట్టి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1967లో గోలక్‌నాథ్ తీర్పు రాశారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తీసివేయజాలదని 6-5 తేడాతో కోర్టు చెప్పింది. పాత సవరణలను మాత్రం కదపకుండా, ఆ తీర్పు ఇకముందుకే వర్తిస్తుందన్నారు. తీర్పు కేవలం ఉన్న చట్టాన్ని ప్రకటిస్తుందా, కొత్త చట్టాన్ని సృష్టిస్తుందా అనే తరగతి ప్రశ్నకు ఇది నేరుగా తగిలే నిర్ణయం.

దీని వెనుక ఒక ఉపన్యాసం ఉంది. జర్మన్ పండితుడు డీటర్ కొన్రాడ్ 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ సవరణాధికారానికి ఉండే అంతర్లీన పరిమితుల గురించి మాట్లాడాడు. సవరణ అనే పేరుతో రాజ్యాంగాన్నే ఎత్తేసి మొఘల్ చక్రవర్తి పాలనను తిరిగి తేవచ్చా అని అడిగాడు. న్యాయవాది ఎం.కె. నంబియార్ ఆ వాదనను గోలక్‌నాథ్ కేసులో వినిపించారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 తేడాతో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతో మార్చరాదన్న సిద్ధాంతాన్ని నిలబెట్టినప్పుడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా తన తీర్పులో కొన్రాడ్‌ను ప్రస్తావించారు.

ఆ ఖన్నాయే 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, ఏడీఎం జబల్‌పూర్ కేసులో ఒంటరిగా నిలబడ్డారు. 21వ అధికరణ అమలు నిలిచిపోతే ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ అడగలేమని నలుగురు అన్నారు. బతికే హక్కు రాజ్యాంగం దానం చేసింది కాదని, చట్టం ఆధారం లేకుండా ప్రాణం తీసే అధికారం ఏ రాజ్యానికీ లేదని ఖన్నా రాశారు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ నలుగురి మెజారిటీ తీర్పును తోసిపుచ్చింది. సహజ న్యాయ సిద్ధాంతానికీ పాజిటివిజానికీ మధ్య తగవు పరీక్ష ప్రశ్నగా ఉన్నంతకాలం మార్కుల విషయం. నిర్బంధంలో ఉన్న మనిషికి అది ప్రాణం విషయం.

1979లో నలుగురు న్యాయ అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. పోలీస్ స్టేషన్‌లో ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో నిందితులను సుప్రీంకోర్టు విడిచిపెట్టడాన్ని వారు ప్రశ్నించారు. లొంగిపోవడం వేరు, సమ్మతి వేరు అన్నది వారి వాదన. దాని చుట్టూ పుట్టిన ఉద్యమ ఫలితంగా 1983లో అత్యాచార చట్టాలు మారాయి.

విమర్శలు, కొత్త దిశలు

సిలబస్‌లోని పేర్లు దాదాపు అన్నీ పాశ్చాత్య పురుషులవే. స్త్రీవాద విమర్శ, క్రిటికల్ లీగల్ స్టడీస్ ఉద్యమం, రాల్స్ 1971లో, అమర్త్య సేన్ 2009లో చేసిన న్యాయ చర్చలు క్రమంగా చోటు సంపాదించుకున్నాయి. సేన్ నీతి, న్యాయం అనే సంస్కృత పదాల తేడానే తన వాదానికి ఇరుసుగా చేసుకున్నారు. బొంబాయి ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన అంబేడ్కర్‌కు మాత్రం చాలా సిలబస్‌లలో దక్కాల్సిన స్థానం దక్కలేదు. 1936 నాటి 'కులనిర్మూలన'లో ఆయన నియమాలకూ సూత్రాలకూ మధ్య తేడాను స్పష్టంగా చెప్పారు. నియమం మనిషిని యాంత్రికంగా నడిపిస్తుందని, సూత్రం అతణ్ని ఆలోచించి బాధ్యత వహించేలా చేస్తుందని ఆయన భావం. డ్వార్కిన్ అవే రెండు మాటలతో తన ప్రసిద్ధ వ్యాసం రాసింది 1967లో. ఇద్దరి ఉద్దేశాలూ వేరు. అయినా ఇద్దరినీ పక్కపక్కన చదివించే తరగతి మన విద్యార్థికి చాలా ఇవ్వగలదు.

ఇతర దేశాల్లో

ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ స్థాయి న్యాయవిద్యకు పేరే బీఏ ఇన్ జ్యూరిస్‌ప్రుడెన్స్. ఇటలీ న్యాయ విభాగాల్లో న్యాయ తత్వశాస్త్రం తప్పనిసరి. అమెరికాలో ఇది ఎక్కువగా ఐచ్ఛికం. 1909లో బెర్లిన్‌లో ఏర్పడిన అంతర్జాతీయ న్యాయ, సామాజిక తత్వశాస్త్ర సంఘం ప్రపంచ మహాసభలు నిర్వహిస్తోంది.

ప్రయోజనం

ఈ సబ్జెక్టు చదివినందుకు నేరుగా ఉద్యోగం రాదు. బోధన, పరిశోధన, శాసన రచన, విధాన రూపకల్పన చేసేవారికి ఇది పునాది. న్యాయవాదికీ జడ్జికీ దీని అవసరం ఎప్పుడో ఒకనాడు వస్తుంది. ఆ రోజు ముందున్న కేసుకు సెక్షన్ దొరకదు, లేదా దొరికిన సెక్షన్‌ను వర్తింపజేయడానికి మనసొప్పదు. ఆస్టిన్ పాఠాలకు విలువ ఆయన పోయాక తెలిసింది. కొన్రాడ్ బనారస్‌లో అడిగిన ప్రశ్నకు ఎనిమిదేళ్లలో జవాబు వచ్చింది. ఖన్నా ఒంటరి మాటకు 41 ఏళ్లు పట్టింది. తరగతి గదిలో ఈ ప్రశ్నలను శ్రద్ధగా బతికించుకోవాల్సింది అందుకే. వాటి అవసరం ఏ రోజు, ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు.